సొంత ఆర్ట్ రెసిడెన్సీ: ఇంట్లోనే, బొమ్మల డైరీతో

గీతలగీత
ఆర్టిస్టులకి కొన్నాళ్ళు ఉండి పనిచేసుకోవడానికి చోటిచ్చే రెసిడెన్సీలకి అప్లై చేయడం మానేశాను. కొన్నిటికి వయసు దాటిపోయింది, కొన్నిటికి నా పోర్ట్‌ఫోలియో చాలదు. అన్నీ కుదిరే వాటికేమో ఉద్యోగం వదిలి నెలల తరబడి వెళ్ళాలి. అది జరిగే పని కాదు. అందుకని నాకు నేనే ఒకటి ఇచ్చుకుందామనుకుంటున్నా. ఎక్కడికీ వెళ్ళను. ఉన్న ఇల్లే, చేస్తున్న ఉద్యోగమే. ఒక పుస్తకం తీసుకుని రోజుకో పేజీలో బొమ్మ వేసి, పక్కన నాలుగు మాటలు రాస్తాను. నెల తిరిగేసరికి ఆపేస్తాను.

దీన్ని రెసిడెన్సీ అనొచ్చా, మామూలు డైరీకే పెద్ద పేరు తగిలించినట్టా? మధ్యలో వదిలేయకుండా ఉండాలంటే ఏ నియమాలు పెట్టుకోవాలి? పుస్తకం ఎలాంటిది కొనాలి? నాకు నీటిరంగులు, ఇంకు పెన్నులు అలవాటు. ఇదివరకు ఎవరైనా చేసుంటే చెప్పండి.

పాతకుంచె
అనొచ్చు గీత గారూ. కాకపోతే మీరు పైన రాసినదాంట్లో రెసిడెన్సీకి సంబంధించిన ముక్క ఒక్కటే ఉంది: "నెల తిరిగేసరికి ఆపేస్తాను". మిగతాదంతా డైరీయే. డైరీకి చివరంటూ ఉండదు, ఆగిపోయినా అడిగేవాళ్ళుండరు. రెసిడెన్సీకి మొదలు, చివర రెండూ ముందే రాసి ఉంటాయి.

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో మెక్‌డవెల్ అని 1907లో మొదలైన రెసిడెన్సీ ఉంది. అడవిలో విడివిడిగా స్టూడియోలు. మధ్యాహ్న భోజనం బుట్టలో పెట్టి గుమ్మం దగ్గర వదిలి వెళ్ళిపోతారు, పనిలో ఉన్నవాళ్ళని కదిలించరు. ఒక్కో స్టూడియోలో చెక్క పలకలుంటాయి. అక్కడ పనిచేసినవాళ్ళంతా ఒకరి కింద ఒకరు సంతకాలు చేసి వెళతారు. భోజనం బుట్ట మనకి ఎవరూ తెచ్చివ్వరు. సంతకాన్ని మాత్రం తెచ్చుకోవచ్చు.

నా సలహా: పుస్తకం కొనకముందే మీకు మీరే ఒక ఆహ్వాన పత్రం రాసుకోండి. ఒక్క పేజీ చాలు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఇంట్లో ఏ మూల కూర్చుంటారు, ఏ వేళప్పుడు, ఏ విషయం మీద, ఈ నెల ఏమేం చేయరు. ఆ చివరిది చాలామంది రాయరు. కమిషన్లు (డబ్బుకి వేసిచ్చే బొమ్మలు) తీసుకోను, కొత్త రంగులు కొనను, డ్రాయింగ్ వీడియోలు చూడను, ఇలాంటివి. కింద మీ సంతకం, ఇంకొకరి సాక్షి సంతకం. దాన్ని మొదటి పేజీకి అంటించండి.

చూసిపోయేవాడు
ఎవరినీ నొప్పించాలని కాదు గానీ నాకిది సొంత డబ్బాలా ఉంది. రెసిడెన్సీ అంటే ఇంటి పనుల నుంచి విడుదల, పక్క గదిలో ఇంకో ఆర్టిస్టు, తన పని చూసి మనకి పుట్టే సిగ్గు. ఈ మూడూ లేకుండా పొద్దున్నే ఆఫీసుకెళ్ళి రాత్రి కప్పు బొమ్మ వేసి "నేను రెసిడెన్సీలో ఉన్నాను" అంటే ఎలా? హాయిగా డైరీ అనుకోండి, తప్పేముంది?

ఇల్లూపిల్లలూ
విడుదల దొరకనివాళ్ళ సంగతేంటండీ మరి?

లెంకా క్లేటన్ అనే బ్రిటిష్ ఆర్టిస్టు అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో ఉండేది. బిడ్డ పుట్టాక చూసుకుంటే చాలా రెసిడెన్సీలు కుటుంబంతో రానివ్వవని తేలింది. 2012లో తన ఇంటినే, తన తల్లితనాన్నే రెసిడెన్సీగా ప్రకటించుకుంది. పేరు కూడా అదే, ఆర్టిస్ట్ రెసిడెన్సీ ఇన్ మదర్‌హుడ్. ముక్కలైపోయిన ధ్యాస, అలసట, బిడ్డ నిద్రపోయినంతసేపే దొరికే స్టూడియో టైము... మామూలుగా పనికి అడ్డం అనుకునేవన్నీ ఆమెకి పనిముట్లయ్యాయి. కొడుకు నోట్లోంచి తీసిన 63 వస్తువుల్ని వరసగా పేర్చి ఒక ఆర్ట్ వర్క్ చేసింది, బొత్తాం, నాణెం, రాయి, అలాంటివి. వినడానికి నవ్వొస్తుంది, చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. 2016లో ఆ పద్ధతి మొత్తాన్ని ఎవరైనా వాడుకునేలా కిట్‌గా ఇచ్చేసింది. ఎన్నో దేశాల తల్లులు తమ ఇళ్ళల్లో చేశారు.

రెండేళ్ళ పిల్లాడు ఒళ్ళో ఉండగా ఎడమ చేత్తో వేసిన గీతలున్న పుస్తకం నా దగ్గరుంది. ఆ గీతలు నేను కావాలన్నా ఇప్పుడు రావు.

చూసిపోయేవాడు
బాగుంది. కానీ ఆవిడ అప్పటికే ఆర్టిస్టు. పేరున్నవాళ్ళు ఇంట్లో కూర్చుంటే రెసిడెన్సీ, మనం కూర్చుంటే సెలవు.

పాతకుంచె
@చూసిపోయేవాడు అదే నేను చెప్పే ఆహ్వాన పత్రం. పేరు మనమే ఇచ్చుకోవాలి. పేరున్నవాళ్ళకి కూడా మొదట అలాగే వచ్చింది.

పక్క గదిలో ఆర్టిస్టు గురించి మీరన్నది మాత్రం నిజం. ఆ లోటు డైరీతో తీరదు. వారానికోసారి ఒక్క మనిషికి పేజీలు చూపించాలి. లైకులు కాదు, ఎదురుగా కూర్చుని పేజీ తిప్పే మనిషి కావాలి.

కాగితంపులి
పుస్తకం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను మొదలెడతా, ఆపడం మీ పని.

నీటిరంగులంటున్నారు కాబట్టి కాగితం బరువు ముందు చూసుకోండి. మామూలు నోట్‌బుక్ కాగితం 70 నుంచి 90 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) ఉంటుంది. తడి తగలగానే అలలు తిరిగి, వెనక పేజీకి రంగు దిగుతుంది. 200 దగ్గర పలచటి వాష్‌లు (నీళ్ళు కలిపి పరిచే రంగు పూతలు) ఓర్చుకుంటుంది, కాస్త వంకర పోతుందంతే. 300 అయితే ధైర్యంగా తడపొచ్చు. కానీ 300 జీఎస్ఎం కాటన్ పుస్తకం డైరీకి వద్దంటాను. ఖరీదు భయపెడుతుంది. ప్రతి పేజీ ఎగ్జిబిషన్‌కి వెళ్ళాలన్నట్టు వేస్తారు, మూడో రోజుకి చేయి బిగుసుకుపోతుంది. 200 చుట్టుపక్కల ఏదైనా తీసుకోండి. ఏ5 సైజు (ఏ4లో సగం) దాటొద్దు, చిన్న పేజీ అయితే అలసిపోయిన రాత్రి కూడా నిండుతుంది.

బైండింగ్ కుట్టినదై ఉండాలి. జిగురుతో మాత్రమే అతికించినది పూర్తిగా తెరిస్తే వెన్ను విరుగుతుంది. నన్నడిగితే కొనడం కన్నా కుట్టుకోవడం మేలు. కాగితాలు సగానికి మడిచి ఒకదాంట్లో ఒకటి పెట్టండి. మడత మీద మూడు రంధ్రాలు. దారం మధ్య రంధ్రంలో లోపలి నుంచి బయటికి, పై రంధ్రంలోంచి లోపలికి, మధ్యది వదిలేసి కింది రంధ్రంలోంచి బయటికి, మళ్ళీ మధ్యలోంచి లోపలికి. రెండు కొసలూ లోపలున్న పొడుగు కుట్టుకి చెరోవైపు వచ్చేలా చూసి ముడేయండి. అయిపోయింది. వారానికో చిన్న పుస్తకం కుట్టుకుంటే ఒక వారం చెడినా తర్వాతి వారం కొత్త పుస్తకం.

మడతపెట్టేటప్పుడు కాగితం గ్రెయిన్, అంటే పీచు సాగే దిశ, చూడండి. రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఒకవైపు సులువుగా లొంగుతుంది. ఆ వైపే మడత. లేకపోతే మడత దగ్గర పగుళ్ళొస్తాయి, పుస్తకం మూతపడనని మొరాయిస్తుంది.

ఇంకు: గీత మీద రంగు వేస్తారు కాబట్టి పిగ్మెంట్ ఇంకు వాడండి, ఆరాక నీటికి కదలదు. డై ఇంకు తడికి పారుతుంది. కొందరు కావాలనే వాడి ఆ పారిన మరకనే నీడగా మలుస్తారు, అది వేరే సరదా.

అక్షరాలవాడు
నాకు బొమ్మలు రావు. రాత వచ్చు. ఇలాంటిది చేయాలని నాకూ ఉంది, కానీ నేను వేసిన కుర్చీ చూసి మా అమ్మాయి ఆవు అంది. నాలాంటివాళ్ళు ఈ దారికి రావచ్చా?

ఇల్లూపిల్లలూ
మీ అమ్మాయి చేత కింద "ఆవు" అని రాయించండి. అది డైరీ పేజీ.

పాతకుంచె
నిజమే. బ్లైండ్ కాంటూర్ ప్రయత్నించండి. కళ్ళు వస్తువు అంచు మీద, పెన్ను కాగితం మీద. కాగితం వైపు చూడకూడదు, పెన్ను ఎత్తకూడదు. చూపు ఎంత నెమ్మదిగా కదిలితే పెన్ను అంతే నెమ్మదిగా. అమెరికన్ డ్రాయింగ్ టీచర్ కిమన్ నికొలాయిడీస్ పాఠాల్లో కాంటూర్ అభ్యాసం ఇలాగే మొదలవుతుంది. ఆయన పోయాక 1941లో అవి పుస్తకంగా వచ్చాయి, ఇప్పటికీ స్కూళ్ళలో చేయిస్తారు. బొమ్మ వంకరగానే వస్తుంది, అందరికీ అలాగే వస్తుంది. పోలిక కుదరాలన్న టెన్షన్ ఉండదు కాబట్టి చూడటం నేర్చుకుంటారు.

రాత వచ్చినవాళ్ళకి ఇంకో ఇబ్బంది ఉంది, అక్షరాలవాడు గారూ. బొమ్మ తడబడగానే వాక్యం వచ్చి కాపాడేస్తుంది. మొదటి వారం పేజీకి పది మాటలు మించకుండా చూసుకోండి.

జీరోసైజ్‌బ్రష్
పది మాటలని కాదు గానీ, ఏ మాటలన్నది ముఖ్యం అనిపిస్తుంది నాకు. "ఈ రోజు మనసు బాగోలేదు" అని బొమ్మ పక్కన రాస్తే ఏడాది తర్వాత దాంట్లోంచి ఏమీ రాదు. ఫ్రెంచ్ చిత్రకారుడు డెలాక్రా 1832లో మొరాకో వెళ్ళినప్పుడు వాడిన నోట్‌బుక్కులు చూడండి. అవీ బొమ్మల డైరీలే. నిలబడే టైము లేదు, గుర్రాల మీద ప్రయాణం. గబగబా గీత గీసి, రంగు వేసే వీలు లేనిచోట ఆ రంగు పేరు రాసేశాడు. గోడ ఏ తెలుపు, నీడలో ఏ రంగు, బట్ట అంచు ఏ రంగు. తర్వాత ఎన్నో ఏళ్ళపాటు పారిస్‌లో కూర్చుని ఆ మొరాకో బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. ఆ రాత రంగుకి బదులుగా పనిచేసింది.

నేను రాసేవి ఇవి: టైము, వెలుతురు ఏ వైపు నుంచి, బొమ్మలో పెట్టలేని చప్పుడు ఒకటి, ఎవరైనా అన్న మాట ఉన్నదున్నట్టు. భావాలు రాయను. అవి రంగులోకి ఎలాగూ వస్తాయి.

అక్షరాలవాడు
చప్పుడు రాయడం! ఇది నాకు పట్టుబడే పనిలా ఉంది. ఇవాళే మొదలెడతా.

గీతలగీత
అందరికీ థాంక్స్. ఆహ్వాన పత్రం డ్రాఫ్ట్ రాశాను, దయలేకుండా కొట్టేయండి.

కాలం: ఒక నెల. చోటు: పడకగది కిటికీ పక్క బల్ల. వేళ: రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ముప్పావు గంట. విషయం: ఇల్లు.
ఒకటి, రోజూ ఒక పేజీ, మానకూడదు. రెండు, ఫొటో చూసి వేయకూడదు. మూడు, ఏ పేజీ చింపకూడదు. నాలుగు, మూడు రంగులే. ఐదు, ప్రతి పేజీ ఆ రాత్రే ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఆరు, తప్పిన రోజుకి మర్నాడు రెండు పేజీలు.

కాగితంపులి
మూడు రంగులు ఏవి?

గీతలగీత
అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెనా, అలిజరిన్ క్రిమ్సన్.

కాగితంపులి
మొదటి రెండూ భేష్. రెండూ కలిపితే వచ్చే బూడిద రంగులతోనే సగం ఇల్లు వేసేయొచ్చు. అసలైన అలిజరిన్ క్రిమ్సన్ మాత్రం వెలుతురుకి వెలిసిపోతుంది. మూసిన పుస్తకంలో ఎక్కువ కాలమే ఆగుతుంది, గోడకి వేలాడదీస్తే ఆగదు. ట్యూబు మీద పిగ్మెంట్ కోడ్ చూడండి, పీఆర్ 83 అని ఉంటే అదే. దాని బదులు క్వినాక్రిడోన్ అనే పిగ్మెంట్‌తో చేసిన ఎరుపు తీసుకోండి. పైగా మీ జాబితాలో పసుపు లేదు. ఇంట్లో రాత్రి దీపాల కింద పసుపు లేకుండా నెలంతా ఎలా నెట్టుకొస్తారో చూడాలనుంది నాకు.

జీరోసైజ్‌బ్రష్
లేకపోతేనే మజా. దీపం వెలుగు చోట కాగితం ఖాళీగా వదిలి చుట్టూ చల్లటి రంగులు నింపితే అదే వెచ్చగా కనిపిస్తుంది. పసుపు కొనొద్దు గీత గారూ.

ఇల్లూపిల్లలూ
ఆరో రూల్ తీసేయండి. తప్పిన రోజు అప్పు అవుతుంది. రెండు రోజులు జ్వరమొస్తే నాలుగు పేజీల బాకీ, దానికి భయపడి మూడో రోజు పుస్తకం తెరవరు. తప్పిన రోజుకి తేదీ రాసి పేజీ ఖాళీగా వదిలేయండి. ఖాళీ పేజీలు ఎక్కడెక్కడున్నాయో చూస్తే ఆ నెల ఎలా గడిచిందో తెలుస్తుంది.

చూసిపోయేవాడు
దీంతో ఒప్పుకోను. ఇంత సుఖంగా ఉంటే రూల్ ఎందుకు?

జపాన్‌లో పుట్టిన ఆన్ కవారా అనే ఆర్టిస్టు 1966 జనవరి 4న తేదీల పెయింటింగులు మొదలుపెట్టాడు. కాన్వాస్ మీద ఆ రోజు తేదీ, ఇంకేమీ లేదు. అర్ధరాత్రిలోగా పూర్తికాకపోతే నాశనం చేసేసేవాడు. చాలావరకు ఏ దేశంలో ఉంటే ఆ దేశపు పద్ధతిలో తేదీ. 2014లో పోయేదాకా దాదాపు మూడు వేలు వేశాడు. అర్ధరాత్రి గడువు లేకపోతే అవి వట్టి తేదీలు. రూల్ కరుగ్గా ఉంటేనే కదా పని నిలబడేది.

పాతకుంచె
కానీ కవారా రోజూ వేయలేదు బాబూ. వేయని రోజులు చాలా ఉన్నాయి. మొదలుపెట్టిన రోజు పూర్తిచేయాలి, అదీ రూల్. మొదలుపెట్టకపోతే శిక్ష లేదు. చూడండి ఎంత తెలివైన నియమమో. ఇల్లూపిల్లలూ గారి ఖాళీ పేజీకి మీరు తెచ్చిన సాక్ష్యమే సరిపోయింది.

గీత గారి ఒకటో రూల్‌ని అలా మార్చుకోవచ్చు: మొదలుపెట్టిన పేజీని అదే కూర్చోడంలో ముగించాలి, మర్నాడు చేయి పెట్టకూడదు.

చూసిపోయేవాడు
ఇది నేను ఊహించలేదు. సరే, ఒకటో రూల్ అలా మార్చండి.

రాత్రిబొమ్మలు
చాలాకాలంగా చదువుతున్నా, మొదటిసారి రాస్తున్నా. ఐదో రూల్ గురించి. ఆ రాత్రే ఆన్‌లైన్‌లో పెట్టాలంటే ఆ పేజీ చూసేవాళ్ళ కోసం తయారవుతుంది. నాకు తెలిసిన ఒకావిడ అలాగే చేసింది. రెండో వారానికి బాగా వచ్చే పువ్వులే వేయసాగింది, ఇంట్లో జరిగే గొడవ ఒక్కటీ పేజీ ఎక్కలేదు. ఇల్లు మీద వేస్తున్నారు కాబట్టి ఇంట్లోవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళని అడిగారా? నిద్రపోతున్న మనిషిని వేసి నలుగురిలో పెట్టడం నాకైతే నచ్చదు.

పీటర్ రాబిట్ పిల్లల కథలు రాసి బొమ్మలేసిన బియాట్రిక్స్ పాటర్ పదిహేనేళ్ళ వయసు నుంచి ముప్పై దాకా తన డైరీ మొత్తం సొంతంగా కల్పించుకున్న రహస్య లిపిలో రాసింది. ఆవిడ పోయాక 1958లో గానీ ఒకాయన ఆ లిపి విప్పలేకపోయాడు. అంత అక్కర్లేదు గానీ, ఎవరూ చూడరన్న నమ్మకం ఉంటే వచ్చే గీత వేరు.

ఇల్లూపిల్లలూ
నూటికి నూరుపాళ్ళు.

జీరోసైజ్‌బ్రష్
నేను మధ్యలో ఉన్నా. కొన్ని పేజీలు చూపించడానికి, కొన్ని కాదు. ఏది ఏదో వేసేటప్పుడు తేల్చుకోను, నెల అయ్యాక తేలుస్తా.

అక్షరాలవాడు
ఒక మాట. నెలంతా ఇంట్లో అదే బల్ల, అదే కిటికీ అంటే పదో రోజుకి వేయడానికేం మిగులుతుంది? ఇది నాకు నిజమైన భయం.

పాతకుంచె
పదో రోజు వరకూ మనం వేసేవి అసలు బొమ్మలు కావు. బల్ల, కుర్చీ, దీపం, చెప్పులు... గుర్తుపట్టినవన్నీ అయిపోవాలి. విసుగొచ్చాక మొదలవుతుంది పని. నా పుస్తకాల్లో నాకు పనికొచ్చిన పేజీలన్నీ విసుగు తర్వాతవే: తలుపు కింద నుంచి వచ్చే వెలుగు చీలిక, స్విచ్ బోర్డు చుట్టూ వేళ్ళు పెట్టీ పెట్టీ పడిన మరక. ఇవి మొదటి రోజు ఎవరికీ కనిపించవు.

గ్సావియే ద మేస్త్ర్ అనే సైనికాధికారి ద్వంద్వయుద్ధం చేసినందుకు 1790లో ఇటలీలోని తూరిన్‌లో 42 రోజులు గృహనిర్బంధంలో ఉండాల్సొచ్చింది. తన గదిలోనే మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి గోడమీది బొమ్మలకి చేసిన "యాత్ర"ని పుస్తకంగా రాశాడు. యాత్రా రచనల మీద వెటకారంగా మొదలెట్టినా గదిని మాత్రం నిజంగానే చూశాడు.

ఇంకా విసుగనిపిస్తే విషయాన్ని ఇంకా కుదించండి, పెంచకండి. "ఇల్లు" పెద్దది. "ఈ గదిలో నేల" అనుకుని వారం వేసి చూడండి.

గీతలగీత
ఇల్లు తీసేశా. విషయం: కిటికీ. ఐదో రూల్, ఆరో రూల్ రెండూ పోయాయి. నెలాఖరున ఏం చేయాలన్నది ఒక్కటే మిగిలింది. రెసిడెన్సీల్లో చివర ఓపెన్ స్టూడియో ఉంటుంది కదా, నేను ఇంటికి జనాన్ని పిలవలేను.

జీరోసైజ్‌బ్రష్
ఇద్దరు చాలు. బల్ల మీద పుస్తకం పెట్టి, వాళ్ళు తిప్పుతుంటే మీరు నోరు మూసుకోవాలి. "ఇది బాగా రాలేదు" అనకూడదు. అదే కష్టం. ఏ పేజీ దగ్గర చేయి ఆగిందో చూసుకోండి, తర్వాత వేయబోయే పెద్ద బొమ్మకి విత్తు అక్కడ దొరుకుతుంది.

కాగితంపులి
చూపించే ముందు స్కాన్ చేసిపెట్టుకోండి. టికెట్లు, కాగితం ముక్కలు అతికించే అలవాటుంటే సెల్లో టేపు వద్దు, కొన్నేళ్ళకి పసుపుపచ్చబడి మరక వదులుతుంది. పీవీఏ జిగురు (తెల్ల బంక) పలచగా రాయండి. పెన్సిల్ లేదా బొగ్గుతో వేసిన పేజీ ఎదురు పేజీకి అంటుకుంటుంది కాబట్టి ఫిక్సెటివ్ (బొమ్మ చెరగకుండా కొట్టే స్ప్రే) కొట్టండి, కిటికీ తెరిచి మరీ.

చూసిపోయేవాడు
గీత గారూ, సాక్షి సంతకం ఎవరితో పెట్టిస్తున్నారు? ఇంకా ఎవరూ లేకపోతే నేను పెడతా. షరతు ఒక్కటే, నెలాఖరున బాగోలేని పేజీలతో సహా పుస్తకం మొత్తం స్కాన్ నాకు పంపాలి. రెసిడెన్సీ అన్న మాట మీద నాకింకా అనుమానం పోలేదు, అది ముందే చెప్తున్నా.

గీతలగీత
అనుమానం ఉన్నవాళ్ళే సాక్షిగా మేలు. పత్రం మెసేజ్‌లో పంపించా, సంతకం చేసి వెనక్కి పంపండి. ఒకటో తారీఖు నుంచి మొదలు.

కాగితంపులి గారూ, చివరి సందేహం. పత్రం మొదటి పేజీకి అంటిస్తే దాని వెనక పేజీ నీటిరంగుకి పనికొస్తుందా?

కాగితంపులి
రాదు, జిగురు ఉన్నచోట రంగు సమంగా పీల్చదు. పత్రాన్ని అట్ట లోపలి వైపు అంటించండి, పేజీ మిగులుతుంది. అంటించాక పైన మైనపు కాగితం పెట్టి రాత్రంతా బరువు కింద ఉంచండి.